గిటార్లు, ఆర్కెస్ట్రా కలపగానే ముద్దయిపోతోంది: వైజాగ్‌లో సింఫనిక్ మెటల్ ఆల్బమ్ రికార్డింగ్

డ్రాప్‌సి_మద్దిలపాలెం

నమస్తే అందరికీ. ఎనిమిది పాటల సింఫనిక్ మెటల్ (హెవీ మెటల్‌కి ఆర్కెస్ట్రా కలిపిన సంగీతం) ఆల్బమ్ పని మొదలైంది. విడివిడి సింగిల్స్ కావు, పాట నుంచి పాటకి ఆగకుండా సాగే పూర్తి ఆల్బమ్, 48 నిమిషాలు. పాటలు రాయడం అయిపోయింది, డెమోలు ఉన్నాయి. రికార్డింగ్ మద్దిలపాలెంలో ఇంట్లోనే. మిక్సింగ్, మాస్టరింగ్ కూడా మేమే.

ఉన్న సామాను: రీపర్ (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్), రెండు ఇన్‌పుట్ల ఆడియో ఇంటర్‌ఫేస్, 16 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్, ఒక కండెన్సర్ మైకు, ఒక డైనమిక్ మైకు. రెండు గిటార్లూ డ్రాప్ సి, అంటే లావు తీగని సి దాకా దింపి శ్రుతి చేసినవి. డ్రమ్స్ ప్రోగ్రామ్ చేశాం. ఆర్కెస్ట్రాకి ఉచితంగా దొరికే బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రా డిస్కవర్ శాంపుల్ లైబ్రరీ (నిజం వాద్యాల రికార్డింగులతో పలికే సాఫ్ట్‌వేర్). పాడేది ఒక సోప్రానో, గ్రౌల్స్ (గరగర గొంతుతో పాడేవి) గిటారిస్టువే. ఎక్కువ పాటలు డి మైనర్, వేగం 140 నుంచి 180 బీపీఎం (నిమిషానికి బీట్లు).

ఇబ్బంది ఏంటంటే, గిటార్లు ఒక్కటే వింటే గోడలా ఉన్నాయి. ఆర్కెస్ట్రా ఒక్కటే వింటే సినిమా హాల్లో ఉన్నట్టుంది. రెండూ కలిపితే మాత్రం రెండూ పోతున్నాయి. ఆర్కెస్ట్రా ఫేడర్ పెంచితే గిటార్ మసకబారుతుంది, గిటార్ పెంచితే వయొలిన్లు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. ఇంకో సంగతి, వేగంగా వెళ్లే చోట తీగల వాద్యాలన్నీ వెనకపడినట్టు వినిపిస్తాయి, గ్రిడ్ మీదే ఉన్నా సరే.

అడగదలచినవి: ఈ ముద్ద ఎలా విడదీయాలి? నిజం వయొలిన్, నిజం కాయర్ కొంతైనా పెట్టాలని ఉంది, ఇక్కడ దొరికే వాళ్లతో ఎలా చేయాలి? అక్టోబరులో గిటార్లు మొదలుపెడదామనుకుంటున్నాం, ఈ ఊరి తేమకి ఏం జాగ్రత్తలు? ఏది ముందు, ఏది తర్వాత?


ఫేడర్_సీతమ్మధార

మొదటి ప్రశ్నకి జవాబు మిక్సింగ్‌లో దొరకదు గురూ, అరేంజ్‌మెంట్‌లో వెతకండి. ఈక్యూ (ఏ ఫ్రీక్వెన్సీ ఎంతుండాలో సరిదిద్దేది) తెరిచే ముందు ఈ లెక్క చూడండి. డ్రాప్ సి గిటార్ లావు తీగ 65 హెర్ట్జ్. చెల్లో అడుగు తీగ కూడా అదే సి, అదే 65. వియోలా 131 దగ్గర, వయొలిన్ 196 దగ్గర మొదలవుతాయి. డిస్టార్షన్ గిటార్ లావంతా 150 నుంచి 500 మధ్యలో ఉంటుంది. చెల్లో, వియోలా, ఫ్రెంచ్ హార్న్, సోప్రానో కింది స్వరాలు, అన్నీ వచ్చి అక్కడే కూర్చుంటాయి. డెమోలో చెల్లోలు గిటార్ రిఫ్‌నే అదే ఎత్తులో వాయిస్తున్నాయా? తొంభై పాళ్లు అదే అయ్యుంటుంది. ఆ చెల్లో ట్రాకు ఒక్కసారి మ్యూట్ చేసి వినండి, సగం ముద్ద అక్కడే విడిపోతుంది.

ఒక కోరస్ తీసుకుందాం. డి మైనర్, బి ఫ్లాట్, ఎఫ్, సి. గిటార్లు పవర్ కార్డులకే కట్టుబడాలి, అంటే మూలస్వరం, పంచమం, పైన మూలస్వరం. మూడో స్వరం గిటార్‌లో వాయించొద్దు. డిస్టార్షన్‌లో రెండు స్వరాలు కలిస్తే వాటి మొత్తం, తేడా కూడా కొత్త స్వరాలుగా పుడతాయి. పంచమంతో అవి మూలానికే మద్దతిస్తాయి. మూడో స్వరంతో అయితే సంబంధం లేని గురగుర వస్తుంది. కాబట్టి మేజరా మైనరా అన్నది చెప్పే పని వియోలాలకీ హార్న్‌లకీ ఇవ్వండి: డి మైనర్‌కి ఎఫ్, బి ఫ్లాట్‌కి డి, ఎఫ్‌కి ఏ, సి కి ఈ. మొదటి వయొలిన్లు పాట రాగాన్ని సోప్రానో కంటే ఒక అష్టకం పైన పట్టుకోవాలి, రెండో వయొలిన్లు అదే ఒక అష్టకం కింద. చెల్లోలు రిఫ్ వదిలేసి, మధ్య సి చుట్టూ ఎదురు రాగం ఒకటి నడపాలి. డబుల్ బేస్ పొడుగు స్వరాల్లో మాత్రమే బేస్ గిటార్ వెంట, వేగం రిఫ్‌లో పూర్తిగా మౌనం. రిఫ్‌కి తీగల పదును కావాలంటే వయొలిన్, వియోలా స్పికాటో (బో గెంతిస్తూ వాయించే పొట్టి స్వరాలు) ఒక అష్టకం పైన పెట్టండి. గిటార్ పికింగ్‌కి అంచు వస్తుంది, బరువు పెరగదు.

రెండో సంగతి, అందరూ ఇక్కడే బోల్తా పడతారు. డిస్టార్షన్ గిటార్‌లో పెద్ద చిన్న ఉండదు, మొత్తం ఒకే మట్టం. ఆర్కెస్ట్రాకి ప్రాణమంతా ఆ హెచ్చుతగ్గుల్లోనే ఉంటుంది. శాంపుల్ లైబ్రరీలో సీసీ 1 (ఎంత గట్టిగా వాయించాలో చెప్పే కంట్రోల్) కింద ఉంటే మెల్లగా వాయించిన రికార్డింగ్ పలుకుతుంది. దాంట్లో పై హార్మోనిక్స్ తక్కువ. ఆ మెత్తటి నాదాన్ని ఫేడర్‌తో ఎంత పెంచినా గిటార్ గోడ దాటదు, మధ్య స్థాయిలు మాత్రం నిండిపోతాయి. గిటార్లు ఉన్నచోట సీసీ 1 ని 100 పైన పెట్టి ఫేడర్ తగ్గించండి. గట్టిగా లాగిన బో శబ్దంలో 2 నుంచి 5 కిలోహెర్ట్జ్ దాకా ఉండే పదునే గిటార్ పైనుంచి చెవికి చేరుతుంది. సీసీ 11 తో మట్టం సరిదిద్దుకోండి. తర్వాత ఆర్కెస్ట్రా బస్ (ఆ ట్రాకులన్నీ కలిసే చోటు) మీద 2:1 కంప్రెసర్ (హెచ్చుతగ్గులు తగ్గించేది), 3 డీబీ దాకా తగ్గేలా, అటాక్ 30 మిల్లీసెకన్లు.

వెనకపడటానికి కారణం మీ గ్రిడ్ కాదు. శాంపుల్ మొదలయ్యేది బో తీగని తాకిన క్షణంలో, స్వరం పూర్తిగా పలికేది కాస్త తర్వాత. ట్రాకుకి నెగెటివ్ డిలే ఇవ్వండి: స్పికాటోకి మైనస్ 40 నుంచి 60 మిల్లీసెకన్లు, పొడుగు స్వరాలకి మైనస్ 100 నుంచి 150. ప్రతి లైబ్రరీకీ ఇది మారుతుంది. అందుకని ఒక పొట్టి స్వరాన్ని ఆడియోగా తీసి, అలలో శిఖరం గ్రిడ్‌కి ఎంత దూరంలో ఉందో కొలవండి. ఇలా చేయాలంటే స్పికాటో, లాంగ్ వేర్వేరు ట్రాకుల్లో ఉండాలి, ఒకే ట్రాకులో కీ స్విచ్‌లు (వాయించే పద్ధతి మార్చే మీటలు) పెడితే కుదరదు. డిస్కవర్‌లో లెగాటో (స్వరం నుంచి స్వరానికి తెగకుండా సాగడం) లేదు కాబట్టి రాగం లైన్లలో పక్క స్వరాలని 20, 30 మిల్లీసెకన్లు ఒకదాని మీదకి ఒకటి లాగండి, మధ్యలో గుంట పడదు.

మిక్స్ చివర్లో చేసేవి తేలికే. గిటార్ బస్ 90 హెర్ట్జ్ కింద కోత, 9 కిలోహెర్ట్జ్ పైన కోత. ఆర్కెస్ట్రా నుంచి గిటార్ బస్‌కి సైడ్‌చైన్ (ఆర్కెస్ట్రా పలికినప్పుడు గిటార్ తగ్గేలా), అదీ 1.5 నుంచి 4 కిలోహెర్ట్జ్ బ్యాండులో మాత్రమే, 2 డీబీ మించకుండా. మొత్తం గిటార్‌ని అణిచితే పాట ఊగుతున్నట్టు ఉంటుంది. ఆర్కెస్ట్రా రివర్బ్ (హాల్ ప్రతిధ్వని) రిటర్న్‌ని 250 హెర్ట్జ్ కింద కోసేయండి. హాల్ 2.2 సెకన్లు చాలు. 180 బీపీఎం పాటకి 1.6 దాకా దింపండి.

వినడానికి ఒక మాట. నైట్‌విష్ వాళ్ల డార్క్ ప్యాషన్ ప్లే (2007), ఇమాజినేరమ్ (2011) రెండింటికీ రెండు డిస్కుల ఎడిషన్లున్నాయి, రెండో డిస్కు గాత్రం లేని వెర్షన్. ఎండ్‌లెస్ ఫార్మ్స్ మోస్ట్ బ్యూటిఫుల్ (2015) కి ఉత్త ఆర్కెస్ట్రా వెర్షన్ కూడా వచ్చింది. మామూలు మిక్స్, ఆర్కెస్ట్రా మిక్స్ పక్కపక్కన పెట్టి ఒకే కోరస్ వినండి. గిటార్ల కింద ఎంత ఖాళీ వదిలారో, తీగలు ఏ ఎత్తులో కదులుతున్నాయో చెవికి దొరుకుతుంది. మీ అరేంజ్‌మెంట్ కూడా అలాగే, గిటార్లు మ్యూట్ చేసి ఉత్త ఆర్కెస్ట్రా వింటే కొంచెం పల్చగా అనిపించాలి. ఒక్కటే విన్నప్పుడు సినిమా హాల్లో ఉన్నట్టుంది అన్నారు చూశారా, తేడా అక్కడే వస్తోంది.


కీరవాణి_విజయనగరం

పైన చెప్పినదాంతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. వయొలిన్, కాయర్ సంగతి నేను చెప్తాను.

ఇరవై మంది తీగల వాద్యాల వాళ్లని తేవాల్సిన అవసరం లేదు. శాంపుల్స్ మీద ఇద్దరు నిజం వయొలిన్లు, ఒక్కొక్కరు మూడు టేకులు వేస్తే చాలు. శాంపుల్ తీగల కంటే 8 నుంచి 10 డీబీ కింద కలపండి. లావు శాంపుల్స్ నుంచే వస్తుంది. బో గీత, స్వరం మారేటప్పుడు వచ్చే చిన్న జారు నిజం వాళ్ల నుంచి వస్తాయి. చెవి నమ్మేది వాటినే.

వైజాగ్‌లో దొరికే మంచి వయొలిన్ వాళ్లలో ఎక్కువమంది కర్ణాటక సంగీతం వాళ్లు. అరవై కిలోమీటర్లలో విజయనగరం ఉంది, అక్కడి మహారాజా సంగీత కళాశాల 1919 నుంచి నడుస్తోంది, ద్వారం వెంకటస్వామినాయుడు గారు ప్రిన్సిపాల్‌గా చేసిన చోటు. ఉత్తరాంధ్రలో వయొలిన్‌కి అంత నేపథ్యం ఉంది కాబట్టి మనుషులు దొరకడం కష్టం కాదు. వాళ్లకి చెప్పే తీరు తెలియాలి. స్టాఫ్ నొటేషన్ ప్రింటు తీసి చేతిలో పెడితే ఇద్దరికీ సమయం వృథా. డి మైనర్ పాట అయితే "రెండు శ్రుతి, నఠభైరవి స్వరాలు" అనండి. సి బదులు సి షార్ప్ వచ్చే చోట, అంటే హార్మోనిక్ మైనర్‌లో, "కీరవాణి" అనండి, కాకలి నిషాదం అని వాళ్లే పట్టేస్తారు. లైన్ మొత్తం స్వరాల్లో రాసి, స్థాయి చుక్కలతో సహా, ముందు వారమే పంపండి. దాంతోపాటు ఆ లైన్ ఒక్కటే ఎంఐడిఐతో (కంప్యూటర్ స్వరాలతో) వాయించిన ఆడియో, క్లిక్‌తో కలిపి.

తాళం కూడా అంతే. రెండు బార్ల 4/4 ఒక ఆది తాళ ఆవర్తనం అనుకుంటే లెక్క కుదిరిపోతుంది. 7/8 రిఫ్ ఉంటే మిశ్ర చాపు అంటారు, కానీ మిశ్ర చాపు నడక 3+2+2. మీ రిఫ్ 2+2+3 అయితే ఆ మాట ముందే చెప్పాలి, లేకపోతే బో ఒత్తు తప్పు చోట పడుతుంది. ఎడిటింగ్‌తో అది సరికాదు.

గమకాల విషయం గట్టిగా మాట్లాడుకోండి. శాంపుల్స్‌తో కలిసి వాయించే చోట నిలకడ స్వరం కావాలి. గాంధారం, నిషాదం మీద కంపితం వేస్తే కింద హార్న్ పట్టుకున్న మూడో స్వరంతో ఢీకొంటుంది, వినేవాళ్లకి అపశ్రుతిలా ఉంటుంది. సోలో వచ్చినప్పుడు, కింద పవర్ కార్డులు మాత్రమే ఉన్నప్పుడు, పూర్తి స్వేచ్ఛ ఇవ్వండి. మూడో స్వరం లేని గిటార్ మీద గమకం ఎంత హాయిగా నిలుస్తుందో వింటే తెలుస్తుంది. తంబురా మీద ఎందుకు కుదురుతుందో ఇక్కడా అందుకే. నన్నడిగితే ఆల్బమ్‌లో కనీసం రెండు చోట్ల దీనికి జాగా ఇవ్వాలి. యూరప్ బ్యాండులు డబ్బు పెట్టినా దొరకని వనరు ఇది.

కర్ణాటక వయొలిన్‌ని స-ప-స-ప గా కట్టుకుంటారు. పాశ్చాత్య పద్ధతి కంటే తీగలు కిందికి దిగి ఉంటాయి, నాదం కాస్త లావుగా, పైన మెరుపు తక్కువగా ఉంటుంది. కాబట్టి మొదటి వయొలిన్ల అష్టకం మీద కాకుండా రెండో వయొలిన్, వియోలా లైన్ల మీద వాళ్లని పెట్టండి, చక్కగా అతుకుతుంది.

మైకు: కింద కూర్చుని, వయొలిన్ తల కుడి పాదం మీద ఆనించి వాయిస్తారు. పలక ముందుకి తిరిగి ఉంటుంది. స్టాండు నేల నుంచి మీటరు ఎత్తులో, వాద్యానికి 70 సెంటీమీటర్ల దూరంలో, బ్రిడ్జి వైపు కాకుండా మెడ మొదలయ్యే చోటికి గురిపెట్టండి. బ్రిడ్జి వైపు పెడితే బో గరగర అంతా వస్తుంది. కచేరీల్లో వాడే పికప్ వద్దు, ఆ ముక్కు గొంతు శాంపుల్స్‌తో కలవదు. హెడ్‌ఫోన్ ఒక చెవికే, క్లిక్ మెల్లగా. మౌనం ఉన్నచోట క్లిక్ మైకులోకి కారుతుంది.

ఇక కాయర్. నాలుగు గొంతుల్లో పాడే అలవాటున్న వాళ్లు చర్చి కాయర్లలో ఉంటారు. డిసెంబరు అడగకండి, క్రిస్మస్ రిహార్సల్స్‌తో ఎవరికీ ఖాళీ ఉండదు. జనవరి నుంచి మేలు. ఎనిమిది మంది, గొంతుకి ఇద్దరు. నాలుగు టేకులు, ప్రతి టేకుకీ మనుషుల స్థానాలు మార్చి, మైకుకి దూరం కూడా మార్చి: ఒకటి మీటరున్నర దూరం, ఒకటి రెండున్నర, ఒకటి నాలుగు, చివరిది వీపు మైకు వైపు తిప్పి. ముప్పై రెండు గొంతులవుతాయి. అందరూ అదే చోట నిలబడి నాలుగుసార్లు పాడితే గది ప్రతిధ్వని కూడా నాలుగింతలై డబ్బాలో పాడినట్టు ఉంటుంది.

విబ్రాటో తగ్గించమనండి. పదం చివర స, త, క వచ్చినప్పుడు ఒక్కరే పలకాలి, మిగతావాళ్లు అచ్చు దగ్గర ఆపేయాలి. ఎనిమిది మంది వేర్వేరు క్షణాల్లో "స్" అంటే నాలుగు టేకుల తర్వాత బియ్యం చెరిగినట్టు వినిపిస్తుంది. లాటిన్ పాడిస్తుంటే చర్చి ఉచ్చారణకి కట్టుబడండి, ఇంగ్లీషు అక్షరాలు ఈ, ఐ, ఏఈ ముందు సి ని "చ" అనాలి: చేలి, పాచెమ్. తెలుగులో పాడిస్తే ఇంకా సులువు, పదాలు ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తాయి, పొడుగు స్వరం పట్టుకోవడానికి నోరు తెరిచే ఉంటుంది. మీ ఆల్బమ్‌కి అదే సరైన దారి అని నా అభిప్రాయం.

మీకున్నది ఒక్క కండెన్సరు. అలాంటిదే ఇంకోటి అద్దెకి తెచ్చుకుని రెండు మైకులు 17 సెంటీమీటర్ల ఎడంలో, 110 డిగ్రీల కోణంలో, రెండున్నర మీటర్ల ఎత్తున పెట్టండి. పంకాలు ఆపించండి.


డ్రాప్‌సి_మద్దిలపాలెం

చెల్లోలు మ్యూట్ చేశాం. నిజంగానే సగం విడిపోయింది, థాంక్యూ అన్నా. కీరవాణి గారూ, స్వరాల్లో రాసి పంపాలన్న ఆలోచన మాకు తట్టనే లేదు.

గిటార్ల గురించి ఇంకొంచెం చెప్పండి. నాలుగు టేకులు వెయ్యాలా, రెండా? ఇంట్లో డీఐ (యాంప్ లేకుండా గిటార్‌ని నేరుగా ఇంటర్‌ఫేస్‌లోకి) తీస్తుంటే సన్నగా హమ్ వస్తోంది, ల్యాప్‌టాప్ ఛార్జరు పెడితే ఎక్కువవుతుంది. డ్రమ్స్ 180 బీపీఎం దగ్గర కిక్ అంతా ఒకే గుర్రుగా ఉంది.


లాసన్స్‌బే_హంబకర్

రెండు టేకులు. ఎడమ ఒకటి, కుడి ఒకటి, వంద శాతం పాన్. ఉత్త గిటార్ బ్యాండుకి నాలుగు బాగుంటాయి, ఇక్కడ పక్కలు ఆర్కెస్ట్రాకి కావాలి. గెయిన్ కూడా ఒక్కటే వాయించేటప్పుడు పెట్టుకునేదానిలో మూడింట రెండొంతులు. రెండు టేకులు కలిస్తే డిస్టార్షన్ ఎక్కువగా వినిపిస్తుంది. డీఐ ఇంటర్‌ఫేస్‌లో హై-జెడ్ (గిటార్‌ కోసం ఉండే) ఇన్‌పుట్‌లోకి, శిఖరం మైనస్ 12 డీబీ దాటకుండా. డీఐ శుభ్రంగా ఉంటే టోన్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు, ఉచితంగా వచ్చే న్యూరల్ యాంప్ మోడలర్ (యాంప్‌ని అనుకరించే సాఫ్ట్‌వేర్), ఒక మంచి క్యాబినెట్ ఇంపల్స్ (స్పీకర్ నాదాన్ని అనుకరించే ఫైలు) చాలు. రెండు పక్కలకీ వేర్వేరు క్యాబినెట్ ఇంపల్స్ పెట్టండి.

హమ్ సంగతి. ముందు ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడపండి. హమ్ పోతే ఛార్జరు ద్వారా వచ్చే గ్రౌండ్ లూప్ (ఎర్త్ దారులు రెండై చుట్టు కట్టడం). ఇంటర్‌ఫేస్, ల్యాప్‌టాప్, మానిటర్లు అన్నీ ఒకే సాకెట్ నుంచి, ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద పెట్టండి. అప్పటికీ ఉంటే ఇంటి ఎర్తింగ్ చూడాలి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులు మించి ఉంటే ఎలక్ట్రీషియన్‌ని పిలిపించండి. ఆ కొలత కూడా అతన్నే తీయమనండి. మూడో పిన్ పీకేసి హమ్ తగ్గించే పద్ధతి ఒకటి చలామణిలో ఉంది, ప్రాణం మీదకొస్తుంది, దాని జోలికి వెళ్లొద్దు. మిగిలిన సన్నటి గుయ్యి పికప్‌దైతే మీరు తిరిగే దిక్కు మారినప్పుడల్లా మారుతుంది. కుర్చీ తిప్పుతూ ఎక్కడ తక్కువో చూసి అక్కడే కూర్చుని వాయించండి. మానిటర్ స్క్రీనుకీ రౌటర్‌కీ దూరంగా.

ఇప్పుడు తేమ. అక్టోబరు వద్దు. వానలు పూర్తిగా పోవు, తుపాన్ల నెల. హుద్‌హుద్ 2014 లో అక్టోబరు 12 న వచ్చింది, ఊరంతా రోజుల తరబడి కరెంటు లేదు. గిటార్లు డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి మధ్యలో పెట్టుకోండి, గాలి కాస్త పొడిగా ఉంటుంది. ఎప్పుడు చేసినా సరే గదిలో ఒక హైగ్రోమీటరు ఉంచండి, 45 నుంచి 55 శాతం మధ్య ఉండాలి. డీఐ గిటార్‌కి ఏసీ శబ్దంతో పని లేదు కాబట్టి గంట ముందు వేసి, వాయించినంతసేపూ అలాగే ఉంచండి. ఒక పాట తేమలో, ఒక పాట పొడిలో వాయిస్తే మెడ వంపు మారి ఇంటొనేషన్ పాటపాటకీ తేడా వస్తుంది.

ప్రతి పాట మొదలుపెట్టే ముందు ఇది చూడండి: మొదటి ఫ్రెట్, పదిహేడో ఫ్రెట్ రెండూ నొక్కి, ఏడో ఫ్రెట్ దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య సందు చూడాలి. 0.2 నుంచి 0.25 మిల్లీమీటర్లు ఉంటే చాలు. ఎక్కువైతే ట్రస్ రాడ్ (మెడ లోపలి కడ్డీ) పావు చుట్టు కంటే తక్కువే బిగించి, కాసేపు ఆగి మళ్లీ కొలవండి. డ్రాప్ సి కి 11-56 సెట్ (తీగల మందం) కనీసం. సన్నవైతే గట్టిగా మీటగానే స్వరం పైకి వెళ్లి తర్వాత దిగుతుంది. ఆ పావు సెకను గిటార్ ఆర్కెస్ట్రాతో శ్రుతి తప్పి ఉంటుంది. శాంపుల్స్ 440 మీద కదలకుండా నిలబడతాయి కదా, తేడా వెంటనే తెలిసిపోతుంది. అందుకే ట్యూనర్‌లో తీగ మెల్లగా మీటి కాకుండా రిఫ్‌లో మీటినంత గట్టిగా మీటి, ఆ మొదటి క్షణాన్ని శ్రుతి చేయండి. తీగలు రెండు పాటలకోసారి మార్చేయండి. సముద్రం గాలికి ముందు దెబ్బతినేది చుట్టు ఉన్న లావు తీగలే, తుప్పు కంటికి కనబడకముందే నాదంలో మెరుపు పోతుంది. కోటింగ్ ఉన్న తీగలు కాస్త ఆగుతాయి. వాయించాక పొడి గుడ్డతో తుడిచి, సిలికా జెల్ ఉన్న కేసులో పెట్టండి, గోడకి వేలాడదీయొద్దు.

కండెన్సర్ మైకుకీ అదే. తేమ పట్టిన క్యాప్స్యూల్ చిటపటమంటుంది. గాలి దూరని డబ్బా, సిలికా జెల్, ఫాంటమ్ (ఇంటర్‌ఫేస్ నుంచి మైకుకి వెళ్లే కరెంటు) వేసి పదిహేను నిమిషాలు ఆగాక టేకు. సోప్రానోకి మైకు 40 నుంచి 60 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి, పాప్ పాటలా దగ్గరకి వద్దు, పై స్వరాల్లో మట్టం ఒక్కసారిగా ఎగుస్తుంది. వెనక గోడకి పరుపు నిలబెట్టండి. గ్రౌల్స్‌కి డైనమిక్ మైకు, నాలుగు వేళ్ల దూరం, చేత్తో మైకు గిన్నెని మూయకుండా.


గాజువాక_డబుల్‌కిక్

కిక్ గురించి రెండు ముక్కలు. 180 బీపీఎం దగ్గర పదహారో నోట్ల మధ్య దూరం 83 మిల్లీసెకన్లు. మీ కిక్ శాంపుల్ తోక 150 దాకా ఉంటే ఒకదాని మీద ఒకటి ఎక్కి గుర్రు అవక ఏటవుతుంది. శాంపుల్‌ని 70 మిల్లీసెకన్ల దగ్గర ముగిసేలా కోయండి, డబుల్ కిక్ నడిచే చోట 60 హెర్ట్జ్‌ని 2, 3 డీబీ తగ్గించండి, 4 కిలోహెర్ట్జ్ చుట్టూ ఉన్న టిక్‌ని నమ్ముకోండి. వెలాసిటీలు (దెబ్బ ఎంత గట్టిదో చెప్పే అంకెలు) అన్నీ 127 పెట్టొద్దు. ఎడమ కాలు 108-114, కుడి కాలు 114-122 మధ్య. నెమ్మది భాగాల్లో పూర్తి తోక ఉన్న వేరే శాంపుల్ వాడండి, బరువు అక్కడ కావాలి. టింపనీ, బేస్ డ్రమ్ ఆర్కెస్ట్రాలో పెట్టుంటే డబుల్ కిక్ ఉన్నచోట పూర్తిగా తీసేయండి.

గిటార్ టేకుల మీద హంబకర్ అన్నతో చిన్న తేడా. ఆర్కెస్ట్రా ఆగిపోయి ఉత్త రిఫ్ నడిచే చోట నాలుగు టేకులు ఉండాలి, ఆర్కెస్ట్రా రాగానే లోపలి రెండూ మ్యూట్ అవ్వాలి. లేదంటే ఆర్కెస్ట్రా ఆగిన ప్రతిసారీ పాట చిన్నదైపోయినట్టు ఉంటుంది.


ఫేడర్_సీతమ్మధార

కిక్ అన్న చెప్పినదానికి ఒప్పుకుంటాను, లోపలి రెండు టేకులు 70 శాతం పాన్‌లో, 4 డీబీ కింద ఉంటే.

క్రమం విషయం మిగిలింది. ముందు ఎనిమిది పాటలకీ టెంపో మ్యాప్ ఖాయం చేయండి. కోరస్‌లో రెండు బీపీఎం పెంచాలన్నా, చివర్లో నెమ్మదించాలన్నా ఇప్పుడే. గిటార్లు వాయించాక టెంపో కదిపితే అన్నీ సాగదీయాలి. తర్వాత ఆర్కెస్ట్రా ఎంఐడిఐ కచ్చా రూపం, డ్రమ్స్, గిటార్ డీఐలు, బేస్. బేస్‌ని 200 హెర్ట్జ్ దగ్గర రెండుగా చీల్చి పై భాగానికే డిస్టార్షన్ ఇవ్వండి, కింది భాగం శుభ్రంగా, మోనోగా. ఆ తర్వాత సోప్రానో. సోప్రానో అయ్యాకే ఆర్కెస్ట్రాని మళ్లీ తెరిచి చివరి రూపానికి తేవాలి. ఆమె ఎక్కడ ఊపిరి తీసుకుందో అక్కడ తీగలు నడవాలి, ఆమె పాడుతున్నప్పుడు ఆగాలి. నిజం వయొలిన్, కాయర్ ఆ తర్వాతే. ముందే తీసుకుంటే లైన్ మార్చడం కుదరదు.

16 జీబీ ర్యామ్‌కి డిస్కవర్ ఇబ్బంది పెట్టదు. పెద్ద లైబ్రరీ కొంటే మాత్రం ఒక్కో వాద్య బృందాన్ని ఆడియోగా ఫ్రీజ్ చేసుకుంటూ వెళ్లండి. ఫ్రీజ్ చేసేటప్పుడు రివర్బ్ ఆపేయండి, అన్నిటికీ ఒకటే హాల్ మిక్స్‌లో పెట్టాలి. ప్రాజెక్టు రెండు డిస్కుల్లో ఉండాలి, రెండోది వేరే ఇంట్లో. ఇంటర్‌ఫేస్, ల్యాప్‌టాప్ రెండూ యూపీఎస్ మీద.

మాస్టరింగ్‌లో మైనస్ 9 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి వినిపించే సగటు గట్టిదనం కొలత) కంటే గట్టిగా వెళ్లొద్దు. స్పాటిఫై మామూలుగా మైనస్ 14 కి దింపేస్తుంది, లిమిటర్ (శిఖరాలు దాటకుండా ఆపేది) తో నలిపినది నలిపినట్టే ఉండిపోతుంది. ముందు నలిగేవి కాయర్, సింబల్స్. ట్రూ పీక్ (అసలు శిఖరం) మైనస్ 1.

మీది పాట నుంచి పాటకి ఆగకుండా సాగే ఆల్బమ్ అన్నారు, కాబట్టి ఇది ముఖ్యం. పాటలు విడివిడిగా మాస్టర్ చేసి తర్వాత అతికించొద్దు. లిమిటర్ ప్రతి పాటకీ మొదటి నుంచి పని మొదలుపెడుతుంది, అతుకు దగ్గర హాల్ తోక మట్టం మారి చిన్న గెంతు వినిపిస్తుంది. 48 నిమిషాలూ ఒకే ఫైలుగా లిమిటర్ గుండా పంపి, తర్వాత కోయండి. సీడీ కూడా వేస్తుంటే ముందు 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్‌కి డితర్‌తో (బిట్లు తగ్గించేటప్పుడు కలిపే సన్నటి శబ్దంతో) మార్చి, అప్పుడు కోత. కోత 588 శాంపుళ్ల గుణిజం మీద పడాలి. సీడీలో సెకనుకి 75 ఫ్రేములు, ఫ్రేముకి 588 శాంపుళ్లు. వేరే చోట కోస్తే మిగిలిన ఖాళీని సున్నాలతో నింపుతుంది, టిక్‌మని వినిపిస్తుంది. డిస్ట్రిబ్యూటర్‌కి వావ్ ఫైళ్లే ఎక్కించండి, ఎంపీ3 లో రెండు చివరలా కొన్ని మిల్లీసెకన్ల ఖాళీ చేరుతుంది. ఐఎస్‌ఆర్‌సీ కోడ్‌లు (ప్రతి రికార్డింగ్‌కీ ఉండే గుర్తింపు సంఖ్యలు) ఎక్కువమంది డిస్ట్రిబ్యూటర్లు తామే ఇస్తారు. తర్వాత ఇంకో డిస్ట్రిబ్యూటర్‌కి మారినా అవే కోడ్‌లు వాడాలి, కాబట్టి ఎనిమిదీ ఒకచోట రాసి పెట్టుకోండి.